ఆ రోజు బావకు ఏమైంది

మొన్న షుగర్ దవాఖానాలో చీటీ పట్టుకుని కూర్చున్నాను. నాకంటే ముందు ఇంకా ఇరవై మంది ఉన్నారు. డాక్టరీ చదువుతున్న ఒక అమ్మాయి అట్టకు కాగితాలు బిగించుకుని, వరుసలో ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఏవో ప్రశ్నలడుగుతోంది. నా దగ్గరికీ వచ్చింది.

"ఆంటీ, మీకు కలిగేది బాధా, భయమా, కోపమా అని మీకే తెలియని సందర్భాలుంటాయా? ఎప్పుడూ, అప్పుడప్పుడూ, అసలు లేదు. మూడింట్లో ఒకటి చెప్పండి."

"నాకు కోపమొక్కటే వస్తది బిడ్డా. వచ్చిందంటే నాతోని గల్లీ మొత్తానికి తెలుస్తది," అన్నాను.

పక్కన కూర్చున్న బుర్ఖా ఆమె కిసుక్కున నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. 'అసలు లేదు' దగ్గర టిక్కు పెట్టుకుని రెండోది చదివింది. ఒంట్లో ఏదో అవుతుంది కానీ అదేమిటో ఎదుటివాళ్లకు చెప్పలేకపోవడం ఉంటుందా అని.

"ఈ కాగితం మా బావకు ఇయ్యాల్సింది. అన్నిటికీ టిక్కులు పడుతుండె."

"ఆయన రాలేదా ఆంటీ?"

"రాడు. పోయిన చలికాలంల పోయిండు."

అమ్మాయి "అయ్యో" అంది. ముక్కూ మొహం తెలియని పిల్ల అంత తేలిగ్గా అనేసింది. ఆయన పోయాడని ఫోనొచ్చిన రోజు నా నోట ఆ మాట రాలేదు.

పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలని లోకం అంటుంది. లోకానికేం, మా బావతో కాపురం చేసిందా? చేసింది మా అక్క. కాబట్టి నేను ఉన్నదున్నట్టే రాస్తాను. ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు.

మా బావ సర్కారీ ప్రెస్సులో బైండరు. కట్టలు కుట్టి, గంజి పూసి, అట్ట అతికించి, అంచులు కోసే పని. సర్వీసంతా అదే పని. సూది గుచ్చుకుని గుచ్చుకుని ఎడమ చేతి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. షుగర్ చూసుకోవడానికి వేలు పొడుచుకునేటప్పుడు ఎవరైనా మొహం చిట్లిస్తారు. బావ మాత్రం పక్కింటివాళ్ల వేలు పొడుస్తున్నట్టు చూసేవాడు. ఎక్కడ కాగితం కనిపించినా అంచులు సర్దేవాడు. పెళ్లిపత్రికలుంటే పెద్దవి కిందా చిన్నవి పైనా పెట్టి, నిలబెట్టి, రెండు వైపులా తట్టేవాడు. ఇంట్లో లొల్లి మొదలైతే ఈ సర్దుడు ఇంకా ఎక్కువయ్యేది. నేనూ అక్కా గొంతులు చించుకుంటుంటే ఆయన మా మధ్య కూర్చుని కరెంటు బిల్లులు తేదీల వారీగా పెట్టుకునేవాడు. ఆ బిల్లులు లాక్కుని చించి పారేయాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఒకసారి చించాను కూడా. ఆయన లేచి వెళ్లి గంజి డబ్బా తెచ్చుకున్నాడు.

మరదలినన్నాక నాకు కొన్ని హక్కులుంటాయి. అక్క పెళ్లిలో బావ చెప్పులు దాచాను. బావ అడగాలి, నేను బెట్టు చేయాలి, ఆయన బతిమాలాలి, చుట్టూ చేరినవాళ్లు నవ్వాలి. ఎక్కడైనా జరిగేది అదే. బావ వచ్చి చెప్పులు విడిచిన చోటు చూశాడు. ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత ఒట్టి కాళ్లతో వెళ్లి కారెక్కి కూర్చున్నాడు. కోపమూ లేదు, నవ్వూ లేదు. నేను కొత్త పట్టులంగా కట్టుకుని, చేతిలో ఒక మగమనిషి చెప్పులు పట్టుకుని, అందరి ముందూ వెర్రిదానిలా మిగిలిపోయాను. మర్నాడు అక్క కబురు పంపింది, "జర చెప్పులు పంపియ్యే, ఆయన డ్యూటీకి పోవాలె" అని.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అక్క ఎప్పుడూ షుగర్‌ను అడ్డం పెట్టుకుని ఆయన్ని వెనకేసుకొచ్చేది. "షుగర్ వచ్చినంక గట్లయిండే. అంతకు ముందు గిట్ల లేకుండె," అనేది. పచ్చి అబద్ధం. షుగర్ రాకముందు ఆయన ఊరికే మాట్లాడేవాడు కాదు. వచ్చాక మాట్లాడకపోవడానికి ఒక సాకు దొరికింది, అంతే.

షుగర్ వచ్చాక మాటలు పోయి అంకెలు వచ్చాయి. "ఎట్లున్నవ్ బావా?" అంటే "నూట డెబ్బై" అనేవాడు. కొంచెం ఉత్సాహంగా ఉంటే "తినక ముందు" అని కూడా కలిపేవాడు. బోనాల నాడు ఇల్లంతా చుట్టాలుంటే, అక్క తల మీద బోనం పెట్టుకుని గడప దాటబోతూ, "ఎట్లున్న?" అని చిన్నపిల్లలా అడిగింది. బావ చొక్కా జేబులోంచి షుగర్ చూసే మిషను తీసి చూసుకుని, "రెండు వందల పది. పొద్దుగాల పులిహోర తిన్న," అన్నాడు. అక్క నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ బోనం దించి ఆయన నెత్తిన పెట్టాలనిపించింది.

ఆ ఇంట్లో ఆయనకేం అవుతోందో ఆయనకు తెలియదు, అక్కకు తెలుసు. ఆయన రెండుసార్లు ఆవలిస్తే షుగర్ ఎక్కువైందనేది. అన్నం గిన్నె గట్టిగా పెడితే తక్కువైందనేది. చెమట పట్టినా, చెయ్యి వణికినా వంటింట్లోంచి చక్కెర చెంచాతో ఉరికొచ్చేది. ఆయన నోరు తెరిచేవాడు. మూతి తుడుచుకుని పేపరు చదువుకునేవాడు.

వాళ్లకు ఒక్కడే కొడుకు, సంతోష్. వాడికి ఉద్యోగం వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాడు ఫోనులో వచ్చిన కాగితం చదువుతుంటే బావ చేతులు వణకడం మొదలుపెట్టాయి. పెదవులు అదిరాయి. ఏదో అనబోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఇంతలో అక్క, "అయ్యో, షుగర్ పడిపోతుంది, పడిపోతుంది," అంటూ వచ్చి నోట్లో చక్కెర పోసింది. అనబోయింది కాస్తా చక్కెరతో పాటు లోపలికి పోయింది. తర్వాత మిషను పెట్టుకుంటే నూట తొంభై ఉంది. "మిషన్ ఖరాబైంది," అన్నాడు. మర్నాడే కొత్తది కొనుక్కొచ్చాడు.

అక్కకు గుండె జబ్బని తెలిశాక పదహారు రోజులు వార్డులో ఉంది. నేను పనిచేసే పోస్టాఫీసులో సెలవు పెట్టి దగ్గరే ఉన్నాను. బావ రోజూ ప్రెస్సు నుంచి నేరుగా వచ్చేవాడు. మంచం కాళ్ల వైపు నిలబడి దుప్పటి అంచులు పరుపు కిందికి మడిచేవాడు. మడిచిందే మళ్లీ తీసి మడిచేవాడు. ఒక సాయంత్రం అక్క, "ఏమన్న చెప్పరాదు? ఊకె నిలవడ్తవేంది?" అంది.

బావ ఆలోచించాడు. "ఇయ్యాల నూట ముప్పై," అన్నాడు.

అక్క సంతోషంగా కళ్లు మూసుకుంది. ఆయన వెళ్లాక నేను పట్టలేకపోయాను. "నువ్వు గిట్ల పడి ఉంటె ఆయన షుగర్ చెప్పుకుంటున్నడు. నీకు సిగ్గనిపిస్తలేదా అక్కా?"

"నీకు సమజ్ కాదే," అంది అక్క. "నేను ఇంట్ల లేకున్నా టైముకు తింటున్న, నా ఫికర్ పెట్టుకోకు అంటున్నడు."

"గది నోటితోని అంటే అరిగిపోతడా?"

అక్క అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాలుగో రోజున పోయింది. నోరు తెరిచి ఆ మనిషి చెప్పిన ఒక్క మంచి మాట వినకుండానే పోయింది. నాకున్న మంటంతా అదే. ఆమెకు ఒక్క మాట రావలసి ఉంది. బతికుండగా ఎలాగూ రాలేదు. పోయాకనైనా ఆయన నోట ఆ మాట అనిపించి తీరాలని నేను పంతం పట్టాను.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడతాం. పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట్లో పెట్టుకోకూడదు. ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిందన్నమాట. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఫలానాది చేస్తాం, ఫలానావాళ్లను చూసుకుంటాం, తృప్తిగా ముట్టు అని చెప్పుకోవాలి.

గౌలిపురాలో అక్కవాళ్ల డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన విస్తరి వేశాం. బగారా అన్నం, మటన్, మిర్చీలు, ఒక గ్లాసులో అక్కకు ప్రాణమైన తియ్యటి చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. కింద మా మేనత్త, "అన్నీ అయినయ్, పిట్టకు పెట్టంగనె తినుడే," అనడం విని బావ తన అలవాటు ప్రకారం పొట్టకు ఇన్సులిన్ సూది పొడుచుకుని పైకి వచ్చాడు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. సూది పొడుచుకున్నాక అరగంటలో తినాలని మాకు గుర్తుచేసే మనిషి విస్తరికి అవతలి వైపు వెళ్లిపోయింది.

పాతబస్తీలో కాకులెక్కడివి? పావురాలైతే కావలసినన్ని. పిట్టగోడ మీద బారులు తీరి కూర్చున్నాయి.

"పావురం ముడితే నడువదా?" అన్నాడు సంతోష్.

"అది గింజలు తినేది రా. మటన్ ముడుతదా? కాకే ముట్టాలె," అంది మేనత్త.

ముప్పావుగంట గడిచింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎక్కడో మసీదు వైపు ఒక కాకి అరిచింది కానీ ఇటు రాలేదు. సంతోష్ చేతులు జోడించి, "అమ్మా, బాపును నేను చూసుకుంట, ముట్టు," అన్నాడు. రాలేదు. నేను ఏవేవో అన్నాను. రాలేదు. ఇక అందరూ బావ వైపు తిరిగారు.

"అల్లుడా, నువ్వు చెప్పు. నీ కొరకే ఆగింది బిడ్డ," అంది మేనత్త.

"ఏం చెప్పాలె?"

"నీ మనసుల ఏమున్నదో గది చెప్పు."

బావ విస్తరి వైపు చూశాడు. మా వైపు చూశాడు. "నాకేం తెల్వది," అన్నాడు.

నా ఒళ్లు భగ్గుమంది. "ముప్పై ఏండ్లు నీకు వండి పెట్టింది బావా. గా దవాఖాన మంచం మీద పడుకొని కూడ నీ ఫికరే చేసింది. దానికి ఒక్క మాట చెప్పనీకె నీకేమైతుంది? చెప్పేదాకా నేను ఇక్కడికెళ్లి కదల."

బావ నెమ్మదిగా విస్తరి ముందు కూర్చున్నాడు. నోరు రెండుమూడుసార్లు తెరిచి మూశాడు.

"ఆకలైతుంది," అన్నాడు.

వెనకాల ఎవరో ఆపుకోలేక నవ్వారు. పెళ్లాం మూడో రోజు విస్తరి ముందు కూర్చుని ఆకలవుతోందంటాడా! ఆ క్షణంలో నేను ఆయన్ని ఎంత అసహ్యించుకున్నానో రాయడానికి నాకు భయం లేదు. జన్మలో ఇంకెవర్నీ అంత అసహ్యించుకోలేదు.

అంతలో ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. మెడ మీద చెమట. చేతులు ఒకటే వణుకు. చూస్తుండగానే రెండు కళ్లలోంచీ నీళ్లు కారాయి.

"షుగర్ పడ్డట్టుంది, బెల్లం తెస్త," అని మేనత్త లేచింది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆగత్తా. షుగరు లేదు ఏం లేదు. ఏడుస్తుండు. ఏడ్వనీ. ఇన్నేండ్లకు ఏడుస్తుండు."

"కాదే, మొకం చూడు..."

"అక్క కొరకు ఒక్క పారి ఏడ్వనీ అత్తా!"

మేనత్త గింజుకుంది. నేను వదల్లేదు. ఎంతసేపు పట్టుకున్నానో నాకు తెలియదు. నిమిషమో, అయిదు నిమిషాలో. నాకు ఆ కన్నీళ్లు కావాలి. ఒక్క చుక్క కూడా వృథా కాకుండా మొత్తం అక్కకు చెందాలి. బావ ముందుకు ఒరిగి, తల ట్యాంకు గోడకు తగిలి, పక్కకు పడిపోయేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు.

సంతోష్ ఒక్క దూకు దూకాడు. చుట్టూ చూశాడు. అందుబాటులో ఉన్న తీపి ఒక్కటే, విస్తట్లో ఉన్న చాయ్. ఆ గ్లాసు తీసి తండ్రి తల ఒళ్లో పెట్టుకుని పెదవుల మధ్య కొంచెం కొంచెంగా పోశాడు. ఎవరూ ఆపలేదు. బావ గుటక వేశాడు. ఇంకో గుటక వేశాడు. పావుగంటకు కళ్లు తెరిచి, "టైమెంతైంది?" అన్నాడు. మిషను పెట్టి చూస్తే నూట ఇరవై ఉంది. కానీ గ్లాసెడు చాయ్ లోపలికి పోయాక చూసిన అంకెకు అర్థమేముంది? అంతకు ముందు ఎంతుందో ఇక ఏ డాక్టరూ చెప్పలేడు.

పిట్ట ముట్టకముందే విస్తరి ఎంగిలైంది. అందరం మేనత్త మొహం చూశాం. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ముట్టెటోళ్లే ముట్టిండ్రు. ఇంక నడువుండ్రి, అన్నాలు తినుండ్రి," అంది.

నాకు ఆ అన్నం దిగలేదు. చచ్చిపోయి మూడు రోజులైనా మా అక్క ఆ మనిషికే తాగించింది. మెట్లు దిగుతుంటే సంతోష్ నా పక్కకు వచ్చాడు.

"చిన్నమ్మా, నువ్వు బాపు మీద కోపం చెయ్యకు. అమ్మను పేరు పెట్టి పిలవంగ నేనెన్నడు విన్లే. ఇంట్లకు రాంగనె 'ఆకలైతుంది' అంటుండె. గదే పిలుసుడు. ఆకలి లేకున్నా అంటుండె."

విననట్టే దిగిపోయాను. కానీ విన్నాను.

ఆ తర్వాత నేను గౌలిపురా వెళ్లడం మానేశాను. అయిదు నెలలకు ఒక ఆదివారం పొద్దున, ఉప్పుగూడలో మా ఇంటి గేటు ముందు బావ నిలబడి ఉన్నాడు. అక్క లేకుండా ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. లోపలికి రమ్మనలేదు. ఆయనా అడగలేదు. గేటుకు అవతల ఆయన, ఇవతల నేను.

"ఆ నాడు డాబా మీద నాకేమైంది?" అన్నాడు.

"ఏమైందంటే? పడ్డవు."

"పడ్డది కాదు. పడక ముంగట. కండ్లల్ల నీళ్లొచ్చినయ్. ఒళ్లంత వణికింది. ఇగో ఇక్కడ," అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు, "పట్టేసినట్టయింది. అది షుగరా, ఏడుపా? ఎంత సోచాయించినా నాకు తెలుస్తలేదు. మీ అక్క ఉంటె చెప్తుండె. నువ్వు ముంగట్నే నిలవడ్డవ్ గద, చూసినవ్. జర చెప్పు."

నేను గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపని చెబితే ముప్పై ఏళ్లుగా నేను ఆయన మీద పెంచుకున్న కోపమంతా తప్పవుతుంది. షుగరని చెబితే, పడిపోతున్న మనిషికి బెల్లం అందకుండా చెయ్యి అడ్డం పెట్టింది నేనవుతాను. ఏది చెప్పినా నాకే తగులుతుంది. నాకే ఎందుకు తగలాలనిపించింది. అందుకని ఆయనకు ఎక్కువగా తగిలేది ఏదో చూసి అది ఏరుకున్నాను.

"షుగరే," అన్నాను. "నీకు ఏడుపెక్కడిది బావా?"

బావ తలూపాడు. డాక్టరు చెప్పినదానికి ఊపినట్టే ఊపాడు.

"అట్లనా," అన్నాడు. "నేను ఏడ్చిననుకున్న. అట్లనుకొని ఇన్నొద్దులు జర మంచిగనిపించింది."

ఆ మనిషి నోట అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి. ఏదో మామూలు మాట అన్నట్టే అన్నాడు. అన్నాక ఇంకేమైనా చెబుతానేమో అని కొంచెంసేపు ఆగాడు. తర్వాత బస్టాపు వైపు నడిచాడు. మా గల్లీ పొడుగు. చివరిదాకా కనిపిస్తూనే ఉన్నాడు. పిలిస్తే వినిపించేంత దూరమే. నేను గేటుకు గొళ్లెం పెట్టుకుని లోపలికి వచ్చేశాను.